మిల్లుకు రాసిన ఉత్తరం

ఆమె ఆదివారం చర్చిలో పాడేది. సోమవారం మధ్యాహ్నానికి మాట కూడా పెగిలేది కాదు. చిలకలూరిపేట దగ్గర జిన్నింగు మిల్లులో పత్తిని యంత్రానికి అందించే పని ఆమెది. దగ్గు వారమంతా ఉన్నా, రొమ్ము మీద రోలు పెట్టినట్టుండేది మాత్రం సోమవారమే. బుధవారానికి కాస్త సర్దుకునేది. రోగుల్ని చూసే నా గదిలో కూర్చుని ఇదంతా నవ్వుతూ చెప్పింది. వెంట చెల్లెలు వచ్చింది, అదే మిల్లులో పక్క యంత్రం మీద చేసే మనిషి.

"సోమవారం సైతాను పని మొదలెడతాడంటారండి మా పాస్టరుగారు," అంది ఆమె.

"సైతానుక్కూడా ఆదివారం సెలవంట," అంది చెల్లెలు.

నేను నవ్వలేదు. ఆ సోమవారం నాకు తెలుసు.

నేను చదువుకున్నది గుంటూరులో. అక్కడ మాకు రోగితో మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. మా ప్రొఫెసరు మంచం పక్కనే నిలబడి, ఆ మనిషి ఎన్నాళ్లు బతుకుతాడో ఇంగ్లీషులో మమ్మల్ని అడిగేవారు. తప్పు చెబితే తిట్టేవారు. రోగి మా మొహాలు ఒక్కొక్కటే చూసేవాడు. ప్రొఫెసరు పక్క మంచానికి వెళ్లాక, "ఏమన్నారు బాబూ?" అనేవాడు. తగ్గిపోతుందన్నారని చెప్పేవాళ్లం.

తర్వాత ఇంగ్లండులో ఊపిరితిత్తుల విభాగంలో పనిచేశాను. ఒకప్పటి నూలు మిల్లుల ఊరది. నేను వెళ్లేసరికి మిల్లులు మూతపడ్డాయి. ఒకదాన్ని మ్యూజియం చేశారు, టిక్కెట్టు కొని మగ్గాల చప్పుడు వినేవాళ్లు. అక్కడ రోగికి నిజం చెప్పడం మాకు రోగుల వేషంలో నటుల్ని ఎదురుగా కూర్చోబెట్టి మరీ నేర్పారు. వయసులో మిల్లులో పనిచేసిన ఒక ముసలావిడ నా దగ్గరికి వస్తుండేది. సెలవు తర్వాత మళ్లీ దుమ్ములోకి వెళ్లిన రోజే పట్టే ఆ సోమవారం ఆయాసం గురించి మొదట చెప్పింది ఆవిడే. ఏనాడో ఒక డాక్టరు ఉత్తరం రాసిస్తే, దుమ్ములోంచి తీసి బట్టలు మడతపెట్టే గదిలో వేశారట. ఆ ఉత్తరమే తనను ఇన్నేళ్లు బతికించిందనేది. అక్కడ అలాంటి ఉత్తరాలు నేనూ చాలా రాశాను. బస్సు డ్రైవరుకు రాశాను, బేకరీలో పిండి కలిపేవాడికి రాశాను. వాళ్లకు పని మార్చారు.

అందుకే ఈమెకూ రాశాను. ఊపిరి బలం కొలిచే గొట్టంలో మూడుసార్లు ఊదించి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, తెల్లకాగితం తీసుకున్నాను. చాలా ఏళ్లుగా ఒక దినపత్రికకు వారం వారం ఆరోగ్య సలహాలు రాస్తున్నాను. చదువు వచ్చినవాడికీ అంతంతమాత్రం వచ్చినవాడికీ ఒకేలా అర్థమయ్యేట్టు రాయమని డెస్కువాళ్లు మొదట్లో నా కాగితాలు చాలా చించారు. ఆ అలవాటు కొద్దీ శుభ్రమైన తెలుగులో రాశాను. పత్తి దుమ్ము వల్ల ఈమెకు ఊపిరితిత్తుల జబ్బు మొదలైంది, యంత్రం దగ్గర కాకుండా వేరే పని ఇవ్వగలరు. మామూలుగా రాసే గజిబిజి ఇంగ్లీషులో రాసి ఉంటే ఆమెకు ఏ నష్టమూ జరిగేది కాదు.

"ఇది చూపిస్తే పని మారుస్తారాండి?" అంది.

మారుస్తారన్నాను. మార్చాలి కదా అన్నాను. ఆమె దాన్ని బైబిల్లో పెట్టుకుంది.

మేస్త్రి ఉత్తరం చదివిన రోజే ఆమెను మానిపించారు. ఒకే ఇంటి మనుషులని చెల్లెల్నీ మానిపించారు. మర్నాడు ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు, చెల్లెలే మాట్లాడింది.

"మా అక్కకి ఆయాసం ఉంది, పనీ ఉంది. మీ దగ్గరికొచ్చాక ఆయాసమొక్కటే మిగిలింది."

జబ్బు తగ్గిపోయిందని ఇంకో కాగితం రాయమన్నారు. రాయనన్నాను. ముల్లు కిందే ఉంది, అబద్ధం ఎలా రాస్తానని వాళ్లకే చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే అది నిజాయితీ అనిపించదు. ఇంగ్లండులో నాకు అంటిన మర్యాద అది, దాని ఖర్చు ఆమె మీద పడింది.

మిల్లు మేనేజరుకు ఫోను చేశాను. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీరు రాసింది కరెక్టేనండి. జబ్బు మనిషని మీరే రాశాక మేమెట్టా పెట్టుకుంటాం? రేపు ఆమెకేదన్నా అయితే మీ ఉత్తరమే సాక్ష్యం కదండీ." ఇంకో మాట కూడా అన్నాడు. సీజను మొదట్లో కూలీలందర్నీ నా దగ్గరికి పంపుతాడట. ఎవరికి జబ్బుందో ముందే రాసిస్తే వాళ్లకు గొడవ ఉండదట.

నేను ఒప్పుకోలేదు. వేరే డాక్టరెవరో ఒప్పుకున్నారు. తర్వాతి సీజనుకు ఆ చుట్టుపక్కల మిల్లులన్నీ ఊపిరి బాగుందన్న కాగితం లేనిదే లోపలికి రానివ్వడం మానేశాయి. నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు కనుబొమల్లో దూది అంటుకుని ఉన్నా, పొలం పనికి పోతామండీ అని చెప్పడం మొదలుపెట్టారు.

అక్కాచెల్లెళ్లు గుంటూరు పక్కన మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లారు. మూతికి గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం ఆ ఘాటులో కూర్చునే పని. రెండు సీజన్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. గడప దగ్గర నుంచి కుర్చీ దాకా రావడానికి మధ్యలో ఒకసారి ఆగింది. మందు అడగలేదు.

"కారం కంటే దూదే నయమండి. అద్దంకి వైపు ఒక మిల్లులో తీసుకుంటామన్నారు. కాగితం కావాలంట."

నేను గొట్టం తీశాను. వద్దన్నట్టు తల ఊపింది. ముల్లు చూశాక నేను రాయనని ఆమెకు తెలుసు. గొట్టం సొరుగులో పెట్టి రాశాను. ఊపిరితిత్తులు బాగున్నాయి, ఏ పనికైనా పనికివస్తుంది. ముద్ర సరిగా పడలేదంటే ఇంకోసారి వేశాను. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, బైబిల్లో పెట్టుకుంది.

"ఇది పనిచేసిద్దండి," అంది.

పనిచేసింది. ఆ వచ్చే సోమవారమే పనిలోకి తీసుకున్నారట.

మరుసటి సీజనుకు చెల్లెలు ఒక్కతే వచ్చింది. అక్క వానాకాలంలో పోయిందని, జలుబే కదా అనుకున్నామని చెప్పింది. చెబుతూ మధ్యలో దగ్గింది. ఆ దగ్గు నాకు తెలిసిన దగ్గే. ఎప్పటినుంచని అడిగాను.

"అక్కకి రాసినట్టే రాయండి," అంది. "రెండోసారి రాసినట్టు."

నేను గొట్టం ఉన్న సొరుగు తెరవలేదు. కాగితం ముందుకు లాక్కున్నాను.