ఇంటి తాళం, బండి తాళం

కొండ దారి చివర, తారు అయిపోయి మట్టి మొదలైన చోటికి ఇంకాస్త పైన ఒక వడ్రంగి కాపురముంటున్నాడు. తాను చేసిన తలుపు ఎవరింట్లో కిర్రుమన్నా, పిలుపు రాకముందే నూనె సీసా పట్టుకుని వెళ్తాడు. మాట తక్కువ మనిషి. ఆ లోటు భార్య తీరుస్తుంది. ఆవిడ కిటికీ పక్కన మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది, దారిన పోయేవాళ్లందర్నీ పలకరిస్తుంది. ఆ కిటికీ కూడా ఆయన చేసిందే. ఆవిడ మెడ తిప్పకుండానే దారి కనపడేటట్టు కొలత చూసి పెట్టాడు.

కిందటేడు ఆవిడ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. దేవుడి దయవల్ల కర్ర పట్టుకుని నడుస్తోంది కానీ, వారం వారం కింద ఊళ్లో ఆసుపత్రికి వెళ్లి కాలికి వ్యాయామం చేయించుకోవాలి. దుంగలు మోసే పాత ట్రక్కే వాళ్లకున్న బండి. నాలుగు చక్రాలూ లాగే బండే అయినా, వానాకాలం వచ్చేసరికి ఇంటి ముందున్న బురద ఎత్తులో ఆగిపోయేది. ఒకసారి ఆవిడ బండిలో ఉండగానే వెనక్కి జారి కాలవ అంచున ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆవిడ తమ్ముడికి మాత్రం నిద్ర పట్టలేదు.

తమ్ముడు ఊళ్లో మెకానిక్. అక్కంటే ప్రాణం.

"బావా, చివరిసారిగా ఒక పని చేస్తా. ముందు చక్రాల ఇరుసులో లాకర్ వేస్తా. ఆ తర్వాత కూడా బండి మొరాయించిందా, అక్క మా ఇంటికి వచ్చేయాల్సిందే. కింద గది ఖాళీ చేయించా" అన్నాడు.

"లాకరా? అందులో దాచుకోవడానికి మన దగ్గరేముందిరా?" అంది అక్క.

"బ్యాంకు లాకర్ కాదే తల్లీ! ఇప్పుడు ఒక ముందు చక్రం బురదలో జారితే ఇంజను బలమంతా దానికే పోతోంది. రెండోది గట్టి నేల మీదున్నా చేతులు కట్టుకుని చూస్తోంది. లాకర్ వేస్తే రెండూ కలిసే తిరుగుతాయి."

"మొగుడూ పెళ్లాల్లాగా."

"అవును, అచ్చం అలాగే కొట్టుకుంటాయి కూడా. తారురోడ్డు మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. కట్టేస్తే ఎలా పోతాయి? స్టీరింగు మొండికేస్తుంది. అందుకే బావా, బురద దాటగానే దిగి, ఒక్కో ముందు చక్రం నడిబొడ్డునున్న ఈ మూతల్ని చేత్తో 'ఫ్రీ' వైపు తిప్పు. చిన్న లివరుని వెనక చక్రాలకి మార్చు. అప్పుడు లాకరు ఉందన్న సంగతే రోడ్డుకి తెలీదు."

బావ తలూపాడు. ఆ వారమే తమ్ముడు లాకరు బిగించి వెళ్లాడు. లాకర్ అన్న మాట నోరు తిరగక దాన్ని 'తాళం' అన్నాడు. ఇంట్లో అదే పేరు స్థిరపడిపోయింది.

గది ఖాళీ చేశాడంటే తమ్ముడిది ప్రేమే. అది అక్కకీ తెలుసు. కానీ మొగుడి కొయ్యపని కొండ మీదే, మనిషీ కొండ మీదే. తాను కిందికి పోతే ఆయన ఒంటరిగా అన్నం వండుకుని ఎవరితో మాట్లాడతాడు? ఆవిడ ఆ మాట పైకి అనలేదు. కిటికీ గడప మీది దుమ్ము మాత్రం రోజుకి రెండుసార్లు తుడిచింది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లే రోజు వచ్చింది. పొద్దున్న చిన్న జల్లు పడి ఆగింది. ఆయన భార్యని మెల్లగా ఎక్కించి, నడుం వెనక దిండు సర్ది తలుపు వేశాడు.

"తాళం వేశారా?" అంది ఆవిడ లోపల్నుంచి.

"అయ్యో, మర్చేపోయా. ఇదిగో" అని ఆయన కిందికి వంగాడు. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ ఎక్కి, "వేశాను" అన్నాడు.

ఎత్తు దిగేటప్పుడు బండి బుద్ధిగా దిగింది. తారురోడ్డు ఎక్కాక స్టీరింగు బరువెక్కింది. మలుపు మలుపుకీ చక్రాలు కీచుమన్నాయి. 'బావమరిది ముందే చెప్పాడుగా, కొత్త సామాను, ఇలాగే ఉంటుంది కాబోలు' అనుకుని చెమటలు కక్కుతూ తిప్పాడాయన. ఆసుపత్రి గేటు దగ్గర ఎంత తిప్పినా బండి తిరగనంది. సాగి సాగి పక్కనున్న గట్టు ఎక్కి, పూలకుండీల వరసలో ముక్కు పెట్టి ఆగింది. ఆవిడ "అమ్మా!" అంది.

గేటు దగ్గరి కాపలామనిషి పరుగెత్తుకొచ్చాడు. కుండీల వైపు చూడనైనా లేదు. "అమ్మకేం కాలేదుగా? అదే పదివేలు" అని చక్రాల కుర్చీ తెచ్చాడు. అలాంటి మనుషుల్ని దేవుడు సరిగ్గా గేట్ల దగ్గరే పెడతాడు.

కబురు అందగానే తమ్ముడు వచ్చాడు. బండి చూడకముందే అక్క ముఖం చూశాడు.

"అయిపోయింది బావా. ఇవాళే అక్కని తీసుకెళ్తున్నా."

బావ పగిలిన కుండీలోంచి మొక్కని తీసి, వేళ్లకి మట్టి అద్దుతూ కూర్చున్నాడు.

అప్పుడు ఆవిడ ఫోను మోగింది. పక్కింటి టీచరమ్మ.

"ఏమమ్మా, తలుపులు బార్లా తీసి పోయారేంటి? లోపల ఒక మేక తీరిగ్గా తిరుగుతోంది. తోలేసి మీ గడపలో కూర్చున్నాలే. చిక్కుళ్లు వలుచుకుంటున్నా, తొందరేం లేదు."

ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "తాళం వేశానన్నారు!"

"వేశానే. రెండు పక్కలా తిప్పాను, లివరు కూడా వేశాను."

"నేనడిగింది ఇంటి తాళం!"

తమ్ముడు బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని మూతలు చూశాడు. రెండూ బిగించే ఉన్నాయి.

"ఓరి దేవుడా! బావా, ఇల్లు వదిలేసి బండికి తాళం వేసుకొచ్చావా! బురద దాటాక 'ఫ్రీ'కి తిప్పమన్నది మర్చిపోయి, ఊరంతా నాలుగు చక్రాలతో ఈడ్చావా! పాపం, ఆ బండి ఎంత తిట్టుకుందో!"

అక్క నవ్వింది. తుంటి నొప్పెడుతున్నా పట్టుకుని మరీ నవ్వింది. తమ్ముడు మాత్రం నవ్వు ఆపుకుని, "సరే. ఈ పూటకి నేనూ వస్తా. పైకి ఎక్కితే సరే, లేదంటే ఇదే బండిలో వెనక్కి" అన్నాడు.

మూతలు 'ఫ్రీ'కి తిప్పి బయలుదేరితే, ఊళ్లో బండి వెన్నపూసలా తిరిగింది. దారిలో వాన పట్టుకుంది. ఎత్తు మొదలయ్యే చోట ఆయన తానే ఆపి, తడుస్తూ దిగాడు. ఎక్కాక ఆవిడ అడిగింది.

"బండి తాళమేనా?"

"బండి తాళమే."

చిన్న గేరులో బండి కదిలింది. సగం ఎత్తులో కుడి చక్రం బురదని చిమ్మింది. అక్క చేయి మొగుడి మోకాలి మీదికి పోయింది. ఎడమ చక్రం రాయిని పట్టుకుంది, వదల్లేదు. బండి ఎక్కడా ఆగలేదు, వెనక్కి జారలేదు. గొణుక్కుంటూ గొణుక్కుంటూ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది.

టీచరమ్మ ఒళ్లో తొక్కలు దులుపుకుని లేచింది. తమ్ముడు వానలోనే అక్కని దింపి, లోపల మిషను ముందు కూర్చోబెట్టి, కిటికీ తీశాడు. చాలాసేపు కిందికి పోయే దారివైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ గదిలో ఇక టైర్లు పెట్టుకుంటాలే" అన్నాడు చివరికి.

"పెట్టుకోరా నాయనా. ముందు ఆ తల తుడుచుకో" అంది అక్క తువ్వాలు అందిస్తూ.

ఇప్పుడు కొండ మీద పిల్లలు కూడా ఆయన్ని 'తాళాల తాతయ్య' అంటారు. ఆయన కోప్పడడు. ఆసుపత్రికి వెళ్లే రోజు ముందు ఇంటికి తాళం వేసి, తాళంచెవి తెచ్చి ఆవిడ చేతిలో పెడతాడు. ఆ తర్వాతే చక్రాల దగ్గర వంగుతాడు. ఆవిడ ఇంకా "తాళం వేశారా?" అని అడుగుతూనే ఉంటుంది. పక్కింటి కిటికీలోంచి టీచరమ్మ కూడా అందుకుంటుంది: "ఏ తాళం?"