నన్ను దొంగనుకున్న కారు

కొట్లో పెరిగినవాణ్ణి. బేరమాడకుండా ఏదైనా కొంటే నాకు అన్నం సహించదు. మా పాత కారుతోనూ బేరమే. అది మొరాయిస్తే పాయింట్లకు గరుకు కాగితం రాసి, కార్బురేటర్‌లో నలుసు ఊదేసి, నలుగురిచేత తోయిస్తే ఎక్కడో ఒకచోట దిగొచ్చేది.

రెండువేల నాలుగు ప్రాంతంలో దాన్ని అమ్మి, ఒకరు వాడిన కొత్త రకం కారు కొన్నాను. ఒకే తాళం ఇచ్చారు. రెండోదానికి కంపెనీవాళ్ళు చెప్పిన ధర విని నవ్వుకుని, చిలకలూరిపేట సెంటర్లో తాళాలు చేసేవాడి దగ్గర గీసి గీసి బేరమాడి చేయించాను. తలుపు తెరుచుకుంది. ఇంకేం కావాలి?

మా ఆవిడకు ఒంగోల్లో టీచరు పరీక్ష ఉన్న రోజే మా తమ్ముడు అసలు తాళం జేబులో వేసుకుని గుంటూరు వెళ్ళిపోయాడు. నా తాళం తిప్పితే ఇంజను ఒకసారి పలికి ఆగిపోయింది. బానెట్ ఎత్తాను. పాయింట్లూ లేవు, కార్బురేటరూ లేదు. నల్లటి ప్లాస్టిక్ మూత.

"తోస్తే అందుకుంటుందిలే" అన్నాను.

వీధిలోవాళ్ళు తోశారు. అందుకోలేదు. జిన్నింగు మిల్లు సందులో ఆగిపోయాం. ముందొక పత్తి లారీ, వెనకొక పత్తి లారీ. మెకానిక్కుకు ఫోన్ చేశాను.

"అసలు తాళంలో చిప్పుంటుందండీ. అది లేకపోతే బండి మిమ్మల్ని దొంగ అనుకుంటుంది."

"నా కారుకి నేను దొంగనా?"

"ఆ సంగతి దానికి తెలీదు కదండీ."

"ఏదో ఒకటి చూడు బాబూ, నీ కష్టం ఉంచుకోనులే."

"కంప్యూటరండీ అది. బేరానికి రాదు."

వెనక సీట్లోంచి మా ఆవిడ నెమ్మదిగా అడిగింది. "తాళం మీద ఎంత మిగిలిందండీ?"

లారీ డ్రైవరు అద్దం తట్టాడు. "ఏవయ్యా, సందు నీ సొంతమా?"

"నాదైతే ఈపాటికి అమ్మేసేవాణ్ణి."

ఆవిడ హాల్ టికెట్ పట్టుకుని, జానెడు తెరుచుకున్న తలుపులోంచి కుచ్చిళ్ళు అణచుకుంటూ దిగింది. నేనూ కదలబోయాను.

"మీరు రాకండి. వదిలేస్తే దీన్ని గోతిలోకి తోసేస్తారు."

లారీల మధ్యనుంచి హైవే వైపు వెళ్ళిపోయింది. బస్సు దొరికిందో లేదో చూద్దామంటే అద్దంలో లారీమీది పత్తి బోరాలు తప్ప ఏమీ కనపడలేదు. కిటికీ తీస్తే దూది, మూస్తే ఉక్క. స్టీరింగు పట్టుకుని, ఎవరెటు తోస్తే అటు తిప్పుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం ఆవిడే ఒంగోలునుంచి ఫోన్ చేసింది. గేటు మూస్తుండగా లోపలికి వెళ్ళిందట, బాగానే రాసిందట.

"తమ్ముడొస్తున్నాడు, కారేసుకొస్తాను" అన్నాను.

"వద్దండీ. నాకు బస్సు దొరికింది."