నాలుగు మూలలా పసుపు

మా అన్నయ్య ప్రాణభయంతో లొంగిపోయాడని ఊరంతా చెబుతుంది. తప్పు. అబద్ధం రాసి నేనే రప్పించాను.

మొన్న వేసవిలో ఆయన పోయాక, పదోరోజు భోజనాల దగ్గర కూడా అదే మాట. "అడవిలో ఉన్నన్నాళ్లూ పులే. సివరాకరికి పేనం తీపైపోనాది," అన్నాడు మా మేనమామ కొడుకు.

"పొలంలో పందిని తోలడానికి నలుగుర్ని ఎంటబెట్టుకెళ్లే నువ్వా బావా, మా అన్న ధైర్యం కొలిసేది? ముందా పప్పు తిను," అన్నాను.

కొండల్లోకి వెళ్లేనాటికి అన్నయ్య డిగ్రీ తప్పిన కుర్రాడు. ఆరేళ్లలో దళ కమాండర్. ఆయన పేరు వింటే ఒడిశా సరిహద్దు దాకా షావుకార్లు తలుపులేసుకునేవారు. మాకు దక్కింది మార్చురీ వరండా. ఎన్‌కౌంటర్ జరిగితే శవాన్ని గుర్తుపట్టమని అమ్మనూ నన్నూ పిలిచేవారు. మనవాడు కాడని ఊపిరి పీల్చుకునేలోగా పక్కన ఇంకో తల్లి కూలబడేది. రెండోసారి తర్వాత నావల్ల కాలేదు. కాలేజీ నోటుబుక్కులోంచి కాగితం చింపి, "అమ్మకు సీరియస్, వెంటనే రా" అని రాశాను. చదివి వినిపిస్తే, "నాకేటయిందే, గుండ్రాయిలాగున్నాను," అంది అమ్మ. అన్నదే గాని, దళానికి కబురు మోసే మనిషికి ఆ ఉత్తరం తనే ఇచ్చింది.

వారానికి అన్నయ్య వచ్చాడు. అమ్మ పెరట్లో వేరుశనగ కాయలు చెరుగుతోంది. కాసేపు చూశాడు. "గంజున్నాదా?" అన్నాడు, అంతే. మూడోరోజు పోలీసుల ముందు తుపాకీ పెట్టాడు. మెడలో దండతో పేపర్లో ఫొటో వేశారు. ఆ తర్వాత బతుకంతా జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దగ్గర, లారీలకు గొలుసు తీస్తూ. దళంలో వెనక ఉండిపోయినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఎవరి భూముల కోసం వెళ్లాడో వాళ్లు ఇప్పటికీ కూలికే పోతున్నారు. ఇదంతా నా చేతిరాత చేసిన పనే అనుకుంటూ ఇన్నేళ్లూ మోశాను. ఆయన ఒక్కసారీ ఆ ఉత్తరం ఊసెత్తలేదు.

భోజనాలయ్యాక ఆయన బట్టలు సర్దుతుంటే, వాచ్‌మన్ చొక్కా మడతలో అది దొరికింది. అక్షరాలు నావే. నాలుగు మూలలా పసుపు. అది నేను పెట్టలేదు. శుభం రాసిన ఉత్తరానికే మా ఇళ్లలో పసుపు పెడతారు. జబ్బు కబురుకు, చావు కబురుకు తగలనివ్వరు. అక్షరం రాని అమ్మ, నా వెనకాల, తన మాట తను రాసుకుంది. అది ఆయన చదవలేకపోయాడంటే నేను నమ్మను.

అడగడానికి ఇప్పుడు అమ్మ లేదు. అన్నయ్యా, అమ్మకేమీ కాలేదని తెలిసి కూడా, ఎందుకు దిగివచ్చావు?