ఆఖర్న పిలిచిన పిల్ల

పోయిన వారం మా ఊరి బళ్ళో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. నేను టీచరుగా రిటైరై రెండేళ్ళు దాటినా ఇలాంటివాటికి పిలుస్తూనే ఉంటారు. ముందు వరుసలో కుర్చీ వేసి, టీ ఇచ్చి, చివర్లో రెండు ముక్కలు మాట్లాడమంటారు. రెండు ముక్కలతో ఆపడం నాకు చేతకాదని తెలిసీ అడుగుతారు, అది వాళ్ళ మంచితనం. ఈసారి మాటలన్నీ ఫెయిల్ చెయ్యడం చుట్టూ తిరిగాయి. చదువు రాని పిల్లల్ని అదే తరగతిలో ఉంచెయ్యాలా, ఏడాది తిరగ్గానే పైకి పంపెయ్యాలా అని. ఉంచేస్తేనే భయముంటుందని కొందరు, ఉంచేస్తే బడే మానేస్తారని కొందరు. గొడవ ముదురుతుంటే కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన లేచి, "ముప్పైమూడేళ్ళు పాఠాలు చెప్పేరు కదండీ, మీరు చెప్పండి. ఏది మంచిదండీ?" అన్నాడు. నేను లేచాను, గొంతు కూడా సవరించుకున్నాను. అప్పుడు కనిపించింది గోడవారన మూడో తరగతి వాళ్ళ పొట్టి బల్ల. ఆ బల్లలో పట్టక బయటికి పొడుచుకొచ్చిన రెండు మోకాళ్ళు గుర్తొచ్చాయి. "నాకు తెలీదండీ" అని కూర్చున్నాను. ఆ మాట నా నోట ఎప్పుడూ విని ఉండరు. ఒంట్లో బాగోలేదేమోనని హెచ్చెమ్ గారు కంగారుపడి మంచినీళ్ళు తెప్పించారు.

ఆ మోకాళ్ళు మా మేనకోడలివి. మా తమ్ముడి కూతురు. దాని సంగతి చెప్పాలంటే ముందు వాళ్ళ నాన్న సంగతి చెప్పాలి. మా ఊరు ముమ్మిడివరం అవతల, చెరువుల మధ్య. అప్పట్లో అవి వరిచేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు. మా అమ్మ ఆ చేలల్లో నాట్లు ఊడ్చి, కోతలు కోసి మా ఇద్దర్నీ బడికి పంపింది. నేను ఎలాగో గట్టెక్కి టీచరునయ్యాను. తమ్ముడు ఏడో తరగతి తప్పాడు. తప్పినవాళ్ళని అదే గదిలో ఉంచేసే రోజులవి. జూన్‌లో తనకంటే చిన్నవాళ్ళ పక్కన కూర్చున్నాడు. మళ్ళీ తప్పాడు. ఆ పై జూన్‌లో పుస్తకాల సంచి తీసుకెళ్ళి వంటింట్లో అటకమీద పడేసి, ఇక దించలేదు. తర్వాత డ్రైవింగు నేర్చుకుని కువైట్ వెళ్ళాడు. మనిషి బంగారం. కానీ ఈనాటికీ ఏడో తరగతి మాటెత్తితే ముఖం అటు తిప్పేసుకుంటాడు. అందుకే వాడికి కూతురంటే అంత గర్వం. ఫోను చేసినప్పుడల్లా ఒకటే మాట. "మా అమ్మాయి ఒక్క ఏడు కూడా తప్పలేదక్కా!" 

నిజమే, తప్పలేదు. ఈ రోజుల్లో ఎవరూ తప్పరు కదా. పైగా దాని రాత చూస్తే ఎవరైనా మెచ్చుకోవలసిందే, ఒక్క కొట్టివేత ఉండదు. పాఠం అప్పజెప్పమంటే ముక్క పోకుండా చెప్పేది. ఆదివారం చర్చిలో వాక్యం చదవడానికి అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, పిల్లల్లో ఎక్కువసార్లు దాన్నే పిలిచేవారు. ఏ భాగమో ముందువారమే చెప్పేవారు. అది పుస్తకం పట్టుకుని, గీతల వెంట వేలు నడుపుకుంటూ, తడుముకోకుండా చదువుతుంటే నేను రెండో వరుసలో కూర్చుని అటూ ఇటూ చూసేదాన్ని. మేనకోడలు ఎవరిదో అందరికీ తెలిసిందా లేదా అని. చర్చిలో అలాంటి ఆలోచన పాపమేననుకోండి.

కొన్నేళ్ళ కిందట, అది తొమ్మిదో తరగతిలో ఉండగా, కోతపండుగ వచ్చింది. చర్చి నిండా గుమ్మడికాయలు, అరటిగెలలు, ధాన్యం బస్తాలు. పచ్చికొబ్బరి వాసన, కొత్త గడ్డి వాసన. మా మేనకోడలు కొత్త ఓణీలో పైకెళ్ళి నిలబడింది. ఆ రోజు బయటి ఊరినుంచి పెద్ద అయ్యగారు ఒకాయన వచ్చారు. ఆయన ప్రసంగం మరో భాగంమీదట. అందుకని మెల్లిగా వచ్చి పుస్తకంలో పేజీలు తిప్పి, "ఇది చదువమ్మా" అని వేలితో చూపించి వెళ్ళి కూర్చున్నారు. పిల్ల పేజీకేసి చూసింది. వేలు మొదటి గీతమీద పెట్టింది. వేలు కదల్లేదు. మైకులో దాని ఊపిరి వినపడుతోంది. వెనకనుంచి ఎవరో "గట్టిగా చదువమ్మా" అన్నారు. అది పుస్తకం నెమ్మదిగా మూసి, దానిమీద గుడ్డ సర్ది మరీ దిగి, నడవ మధ్యనుంచి నడుచుకుంటూ బయటికెళ్ళిపోయింది.

సాయంత్రం నేను వాళ్ళింటికి పరుగెత్తాను. కళ్ళు తిరిగాయేమో, ఉపవాసమేమో అని నా ఊహలు నావి. పిల్ల పెరట్లోంచి రాలేదు. మా అమ్మ అరుగుమీద కూర్చుని ఉంది. మా అమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ కీర్తనలు, వాక్యాలు గంటలకొద్దీ చెబుతుంది, అన్నీ చెవిన పడ్డవే. నా మాటలన్నీ విని, "కళ్ళూ లేదు, తిరగడమూ లేదు. దానికి చదవడం రాదే" అంది. నాకు కోపం వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల, చదవడం రాకపోవడమేమిటన్నాను. "నేను చేసే పనేనే అది చేసేది. అయ్యగారు చెప్పిన భాగం నాచేత చెప్పించుకుని, వేలు పెట్టుకుని, విన్నది చెప్పడం. నాకు తెలీదా? దాని చిన్నప్పుడే పట్టేను" అంది. మరి ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదమ్మా అని అరిచినంత పని చేశాను. మా అమ్మ నాకేసి ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు టీచరువి గదా. నీకు తెలీదని నేనెందుకనుకుంటానే?"

ఆ పిల్లకి మూడో తరగతి చెప్పింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు కానీ విషయం మాత్రం స్పష్టంగా కనపడింది. నా క్లాసులో పాఠం ఒక్కొక్కరినీ లేపి చదివించేదాన్ని. మేనకోడల్ని ముందు పిలిస్తే, టీచరుగారు సొంతపిల్లని చూసుకుంటున్నారని నలుగురూ అనుకుంటారేమోనని రోజూ దాన్ని ఆఖర్న పిలిచేదాన్ని. దాని వంతు వచ్చేసరికి అదే పాఠం పాతికసార్లు విని ఉండేది. అది గడగడా చెప్పేసేది, నేను మురిసిపోయేదాన్ని. నా నిజాయితీ అది! ఏడాది చివర్లో రిజిస్టరులో మొదటి పేరుకి ఎదురుగా 'ప్రమోటెడ్' అని రాసి, దానికింద వరసగా డిట్టో చుక్కలు పెట్టుకుంటూ పోయాను. వాటిలో ఒకటి ఈ పిల్లది. పై తరగతుల టీచర్లు కూడా అంతే చేశారు. వాళ్ళని అనడానికి నాకు ముఖం ఏదీ?

మర్నాడు బడికి వెళ్ళలేదది. వారమైనా వెళ్ళలేదు. మా మరదలు రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. ఆవిడ వచ్చి ఏడ్చింది. "సోమవారం నించి నాతోపాటు షెడ్డుకొస్తానంటోంది వదినా. ఇంకో ఏడాదిలో పదో తరగతి పరీక్ష, అక్కడెవరూ పంపరంట గదా, ఎలాగూ పోయేదానికి ఎందుకమ్మా అంటోంది. ఏం చెప్పను?" అంది. సిగ్గు ఎంత బరువో మా తమ్ముడి సంచిని చూసి నాకు తెలుసు. ఒకసారి అటకెక్కిన సంచి దిగదు. ఆదివారం నేను ఆ పిల్లతో మాట్లాడ్డానికి వెళ్ళాను. నిజానికి క్షమించమని అడగడానికి వెళ్ళాను. "ఆఖర్న పిలిచి నీకు అన్యాయం చేశానమ్మా" అన్నాను. అది అన్నం పెట్టింది, నేను తిని వచ్చేశాను.

సోమవారం పొద్దున్న నా మూడో తరగతిలో హాజరు పిలుస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. తలెత్తితే మా మేనకోడలు, హైస్కూలు యూనిఫారంలో, రెండు జడలూ మడిచి కట్టుకుని, సంచితో. "లోపలికి రావచ్చాండీ టీచరుగారూ?" అంది. బళ్ళో నన్ను అత్తా అని పిలవొద్దని మూడో తరగతిలో నేను నేర్పిందే. నేను జవాబు చెప్పేలోపే వచ్చి ముందు వరుసలో ఇద్దరు బుడతల మధ్య సర్దుకుని కూర్చుంది. మోకాళ్ళు లోపల పట్టక పక్కకి పెట్టుకుంది. క్లాసంతా నోళ్ళు తెరిచింది. పక్కనున్న పిల్ల అడగనే అడిగింది. "నువ్వు పెద్దబడి అక్కవి గదా, ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"నేను మూడు చదవలేదు. దాటేశాను అంతే" అంది. తర్వాత నాకేసి చూసి, "ఈసారి నన్ను ముందు పిలవండి" అంది.

ముప్పైమూడేళ్ళలో ఎంతమందికి పాఠాలు చెప్పానో లెక్క లేదు, అంత ధైర్యం ఎక్కడా చూడలేదు. నేనైతే ఆ పని చెయ్యలేను. ఇప్పుడూ చెయ్యలేను. పక్క ఆవరణలోని హైస్కూలుకెళ్ళి అక్కడి హెచ్చెమ్ గారికి సంగతంతా చెప్పాను. ఆయన అంతా విని, "రోజూ మొదటి రెండు పీరియడ్లు మీ దగ్గర ఉంచుకోండి. హాజరు నేను చూసుకుంటాను. ఆ పిల్లని ఎవరైనా ఓ మాటంటే మాత్రం నాతో చెప్పండి" అన్నారు. ఎవరూ అనలేదు. నా బుడతలకి పట్టిన బెంగ ఒక్కటే, మధ్యాహ్నం గుడ్డు కొత్తక్కకి కూడా మనవాటిలోంచే ఇస్తారాండీ అని. అక్క గుడ్డు పెద్దబళ్ళోనే తింటుందని చెప్పాక మరీ దగ్గరికి జరిగి కూర్చున్నారు.

దానికి అక్షరాలు విడివిడిగా వచ్చు. గుణింతం కలిస్తే తడబడేది, వత్తు కనపడితే ఆగిపోయేది. ఆ అందమైన రాతంతా చూసి గీసిన బొమ్మేనని అప్పుడర్థమైంది. రోజూ మొదట దాన్నే లేపేదాన్ని. ఎవరినీ వినకుండా, ముందు ఏ గొంతూ లేకుండా, ఒక్కో మాటా కూడబలుక్కునేది. చెమటలు కారేవి. ఎనిమిదేళ్ళ పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. అది ఒక వాక్యం దాటితే వాళ్ళే చప్పట్లు కొట్టేవాళ్ళు. ఎవరూ వాళ్ళకి చెప్పలేదు.

ఈ సంగతి కువైట్ చేరడానికి ఎంతసేపు? తమ్ముడు వీడియోలో నామీద విరుచుకుపడ్డాడు. "నన్ను ఏడులో రెండుసార్లు కూర్చోబెట్టేరు. ఆ సిగ్గు నాకు చాలు. నా కూతుర్ని నువ్వే తీసుకెళ్ళి మూడులో కూర్చోబెడతావా అక్కా?" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. పిల్ల నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "నాన్నా, నిన్ను వాళ్ళు కూర్చోబెట్టేరు. నేను నా అంతట నేను కూర్చున్నాను" అంది. వాడు కళ్ళు తుడుచుకుని, "ఆయ్, సరేనమ్మా" అన్నాడు.

మళ్ళీ కోతపండుగ వచ్చేసరికి అది పదో తరగతి. మా అయ్యగారు ముందువారమే ఇంటికి వచ్చి, ఫలానా భాగం చూసుకోమ్మా అని చెప్పబోయారు. ఆ పిల్ల చేతులు జోడించి, "ముందు చెప్పకండి అయ్యగారూ. అక్కడికక్కడ మీకు తోచిన పేజీ తీసివ్వండి" అంది. ఆయన నాకేసి చూశారు. నేను గోడకేసి చూశాను. నాకు భయమేసింది. ఇది మళ్ళీ ఆగిపోతే ఇక జన్మలో బడిగడప తొక్కదని తెలుసు.

అలాగే ఇచ్చారు. అదే గుమ్మడికాయలు, అదే గడ్డి వాసన. అది వేలు పెట్టింది. వేలు కదిలింది. ఒక మాట, ఒక ఆగడం. ఇంకో మాట. ఒక పెద్ద వత్తు దగ్గర వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టింది. వెనకటిలా గడగడ లేదు, రాగం లేదు. రెండు నిమిషాల భాగానికి పావుగంట పట్టి ఉంటుంది. చంటిపిల్లలు తప్ప ఎవరూ కదల్లేదు. మా అమ్మ పెదవులు కూడా కదపకుండా కూర్చుంది. ఆవిడకి వచ్చిన భాగమే అది. అందిస్తే పిల్ల వింటుందని, తనకి తెలిసిన మాటల్ని నోట్లోనే ఆపుకుని, మనవరాలి నోట కొత్తగా వింది. చివరి మాట అయ్యాక పిల్ల పుస్తకం మూసి, మొదట నాకేసి చూసింది. నేను ఏడ్చాను. అటూ ఇటూ చూసుకోలేదు.

ఆ పిల్ల పదిలో లెక్కలు తప్పింది. నెల తిరక్కుండా మళ్ళీ రాసి గట్టెక్కింది. సంచి అటకెక్కలేదు. ఇప్పుడు అమలాపురంలో నర్సింగు చదువుతోంది. మందుసీసాల మీద పేర్లు నాకు కళ్ళజోడు లేకుండా కనపడవు, అదే చదివి చెబుతుంది, తాపీగా, ఒకటికి రెండుసార్లు. ఆ కొబ్బరికాయలాయనకి ఇదంతా చెప్పి ఉండాల్సింది. ఏది మంచిదో నాకు ఇప్పటికీ తెలీదు. నేను ఒక్క డిట్టో చుక్కతో గడిపేసిన ఏడాది మాత్రం గడవలేదు. ఆ పొట్టి బల్లమీద, ఆ పిల్ల తిరిగివచ్చి కూర్చునేదాకా, అక్కడే ఆగి ఉంది.