శనివారం దాచుకునే గొంతు

డోర్నకల్ స్టేషన్‌లో జామకాయలమ్మే మార్తమ్మ వారంలో ఐదు రోజులు అరుస్తుంది, శనివారం మాత్రం నోరు విప్పదు. మెడకు కొంగు చుట్టుకుని, మధ్యమధ్య గోరువెచ్చని నీళ్లు గుటకేస్తూ, గంపతో ఊరికే నిలబడుతుంది. ఆదివారం చర్చిలో మొదటి పాట ఎత్తుకునేది ఆమే. ఇరవై ఏళ్ల కేకలకు అరిగిన గొంతు ఒక్కరోజు విశ్రాంతి లేనిదే పైస్థాయి అందుకోదు. అది తెలిసిన చాయ్ నగేష్, "అక్క నోటికి సెలవు, జామకాయలకు లేదు! రాండ్రి!" అని ఆమె బదులు తానే పిలుస్తాడు.

మొన్న శనివారం, తెల్లవారితే చర్చిలో కోత పండుగ అనగా, వరంగల్ దవాఖానకు పోవాలన్న ఒక ముసలామె కొత్తగూడెం బండి ఎక్కేసింది. కూత పడింది. ముసలామెకు చెవులు మందం. మార్తమ్మ గంప దించి కిటికీ వెంట నడుస్తూ, "అవ్వా, దిగు! గిది నీ బండి కాదు!" అని మూడుసార్లు ప్రాణం పెట్టి అరిచింది.

ఆదివారం పాట ఎత్తబోతే గాలే వచ్చింది. పక్కనున్న సుజాత పాట అందుకునే ముందు, "నిన్న ఒర్రినవా అక్కా?" అని గొణిగింది. "ఒర్రిన. అవ్వ దిగింది," అని పెదవులతోనే చెప్పి, మార్తమ్మ చివరి చరణం దాకా పాటల పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడింది.