మద్రాసు నుంచి రాని పెట్టె

మా బంధువులు నలుగురు కలిస్తే ఇప్పటికీ మా బావగారి అంబాసిడర్ కారు మాట వస్తుంది. దాని రంగు చెబుతారు, అందులో ఎవరెవరు పెళ్లికొడుకులై ఊరేగారో చెబుతారు, పాట పెడితే దరువు కాలవ అవతలి గట్టు దాకా వినిపించేదని చెబుతారు. ఆ దరువు ఎవరి చేతి పనో ఇంతవరకు ఒక్కరూ నన్ను అడగలేదు. వాళ్లు చెప్పుకున్నంతసేపూ నేను అదే గదిలో, అదే బల్ల మీద కూర్చునే ఉంటాను. అడగకపోతే పోనీ, నేనే చెబుతాను.

ఎనభైల మొదట్లో నేను అమలాపురంలో ఒక రేడియో షాపులో మెకానిక్‌ని. మా అక్క భర్త కారు కొని పెళ్లిళ్లకు అద్దెకు తిప్పేవారు. అందులో టేప్ రికార్డర్, వెనక రెండు చిన్న స్పీకర్లు ఉండేవి. పాడేవాళ్ల గొంతు వినిపించేది గాని డోలు వినిపించేది కాదు. పెద్ద స్పీకరు ఒకటి డిక్కీలో పెడదామని చెప్పింది నేను. దానికి తగిన పెట్టె కొలతలు గీసి ఇచ్చింది నేను. ఇప్పుడు దాన్నే సబ్‌వూఫర్ అంటున్నారు. అప్పుడు మేం బేస్ పెట్టె అనేవాళ్లం.

దాని సంగతి తేలికే. స్పీకరు ముందుకు ఎంత శబ్దం చేస్తుందో వెనక్కీ అంతే చేస్తుంది. ఆ రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి మింగేసి దరువు మిగలదు. అందుకని వెనక శబ్దాన్ని గాలి దూరని పెట్టెలో బంధించాలి. ఆ పెట్టె మందంగా, బరువుగా, రాయిలా ఉండాలి. పలకాల్సింది స్పీకరు, పెట్టె కాదు.

ఈ చివరి మాటే మా బావగారికి ఎక్కలేదు. ఆయన దొడ్లో పనసచెట్టు కొట్టించి కోయించిన పలకలు సిద్ధంగా ఉన్నాయి. వడ్రంగి మేస్త్రినీ పిలిపించేశారు.

"వీణ దేంతో చేస్తారోయ్?" అని అడిగారు నన్ను.

"పనసతోనండి."

"మరింకేంటి?"

"వీణ పలకాలండి బావగారూ. ఇది పలక్కూడదండి."

మేస్త్రి నవ్వాడు. "పలకని పెట్టె ఎందుకండీ బాబూ, బియ్యం పోసుకోడానికా?"

"ఆయ్, బాగా చెప్పేవు మేస్త్రీ!" అంటూ బావగారు తొడ చరుచుకుని నవ్వారు. నేను కొలతలు గీసిచ్చిన కాగితం మీద మేస్త్రి టీ గ్లాసు పెట్టుకున్నాడు. పనస పలకల్ని, వీణ బుర్రలా మోగాలని, పలచగా చిత్రిక పట్టాడు.

ఆ పెట్టెతో మొదటి బేరం రాజోలు చర్చిలో పెళ్లి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ వెనక సీట్లో కూర్చున్నారు, నేనూ బావగారూ ముందు. కారు కదిలింది, పాట మొదలైంది. కింది స్వరం వచ్చినప్పుడల్లా పెట్టె మొత్తం ఊగి, పాటతో పని లేకుండా ఒకటే కూత కూసింది. పెళ్లికొడుకు తాలూకు పెద్దాయన చెయ్యెత్తి కారు ఆపించాడు.

"డిక్కీలో గేదెని గాని కట్టేసేరా ఏంటండీ?"

పక్కనున్నాయన అందుకున్నాడు. "నొప్పులొస్తన్నట్టున్నాయండీ. ముందు దాని సంగతి చూడండి, పెళ్లోళ్లం మేం నడిచెళ్తాం."

అందరూ నవ్వారు. పెళ్లికూతురు కూడా ముసుగులో నవ్వింది. అప్పుడు బావగారు కారు దిగి, వేలు పెట్టి నన్ను చూపించారు. "నాకేం తెల్దండీ. మా బావమరిది కట్టిన పెట్టె. అదిగో, ఆయనే." 

ఆ పెట్టెలో నాది ఒక్క మేకు కూడా లేదు. ఆ రోజు నుంచి అది నా పేరు మీదే ఉంది.

రెండో పెట్టె నేనే చేస్తానని పట్టుబట్టాను. "నీ ఇష్టం, ఏదో ఒకటి తగలెట్టు" అన్నారాయన. అక్కావాళ్ల ఇంటి వెనక వసారాలో, షాపు పని అయ్యాక కూర్చుని చేశాను. మందపాటి ప్లైవుడ్ రెండు పొరలు అతికించాను. గోడలు ఊగకుండా లోపల అడ్డపట్టీలు బిగించాను. మూలమూలకీ జిగురు పోశాను. పాత పరుపులోని బూరుగుదూది లోపల పరిచాను. స్పీకరు బిగించి, దాని గరాటులాంటి అట్టను వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కాను. అది చటుక్కున వెనక్కి వస్తే ఎక్కడో గాలి పోతున్నట్టు. నింపాదిగా, బద్ధకంగా వచ్చింది. వసారాలో ఒక్కణ్నే నవ్వుకున్నాను.

కాలవ గట్టు మీద కారు నడుపుతూ పాట పెట్టి చూశాం. దరువు వీపులోంచి వచ్చి ఛాతీలో ఆగింది. బావగారు కారు ఆపి, దిగి, డిక్కీ తెరిచి చూసి, మూసి, మళ్లీ ఎక్కారు. బాగుందన్న మాట ఆయన నోటి నుంచి రాలేదు.

తర్వాతి పెళ్లిలో పెళ్లికొడుకు తండ్రి అడిగాడు. "ఈ సౌండు ఎక్కడిదండీ, అదిరిపోతంది?"

"మద్రాసు నుంచి తెప్పించేనండీ" అన్నారు మా బావగారు. నేను ముందు సీట్లో ఆయన పక్కనే ఉన్నాను.

ఇంటికి వచ్చాక అడిగాను. "మద్రాసంటారేంటండీ బావగారూ?"

"నీకు బేరం సంగతి తెల్దోయ్. మా బావమరిది చేసేడంటే ఎవడు ఎక్కుతాడు?"

అక్క పప్పు వడ్డిస్తూ, "పోనీలేరా, ఆయన అలా అన్నంత మాత్రాన నీది కాకుండా పోద్దా?" అంది. పోయింది అక్కా. ఎలా పోయిందో విను.

సొంతంగా ఈ పెట్టెలు చేసే షాపు పెట్టాలని నా ఆశ. కొన్నాళ్లకు కొత్తపేట నుంచి ఒక టాక్సీ ఓనరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కుర్చీ తుడిచి వేశాను.

"మీ బావగారి కారులో పెట్టె ఉంది కదండీ, మద్రాసులో ఆ షాపు అడ్రసు కావాలండీ. ఆయన్ని అడిగితే మర్చిపోయేనన్నారు."

"అది చేసింది నేనేనండి" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, నవ్వు ఆపుకోలేకపోయాడు. "మీరు చేసింది గేదె పెట్టె కదండీ! ఆ పెళ్లికి నేనూ వచ్చేనండీ."

ఆయన మద్రాసు వెళ్లి పెట్టె తెచ్చుకున్నాడు. ఆయన వెనక మరి కొందరు వెళ్లారు. నేను ఆ రేడియో షాపులోనే ట్రాన్సిస్టర్లకు బ్యాటరీ స్ప్రింగులు మార్చుకుంటూ ఉండిపోయాను.

బావగారూ, మీరు కారు అమ్మేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఎవరినీ ఎక్కించుకోవాల్సిన పని లేదు, బేరం చెడుతుందన్న సాకు ఇక చెల్లదు. ఈసారి బంధువులు కూడినప్పుడు ఆ కారు మాట నేనే ఎత్తుతాను. రెండో పెట్టె ఎవరు చేశారని అందరి ముందూ మిమ్మల్నే అడుగుతాను. వినపడనట్టు అటు తిరక్కండి, అక్కని కాఫీ తెమ్మనకండి. నా ముఖం చూసి జవాబు చెప్పండి.