జ్వరం మాత్ర

విమానాశ్రయంలో ఆరోగ్య తనిఖీ చేసే ఆ నర్సును తోటివాళ్లు కాలుగాలిన పిల్లి అంటారు. కుర్చీ వేసినా కూర్చోదు. ఏదో దేశంలో ఊపిరితిత్తులను పట్టే కొత్త వైరస్ బయలుదేరిందని తెలిసినప్పటి నుంచి మరీను. అక్కడి విమానం దిగినవాళ్లంతా కెమెరా ముందు నుంచి నడవాలి. ఒళ్లు కాలుతుంటే తెర మీద ఎర్రగా, లేకపోతే పచ్చగా కనబడతారు. ఆవిడకు మాత్రం కెమెరా కంటే తన ప్రశ్న మీదే గురి. "జ్వరం మాత్ర ఏమైనా వేసుకున్నారా?" అని కళ్లలోకి చూసి అడుగుతుంది. మాత్ర మింగినవాళ్ల ముందు కెమెరా ఉత్త గుడ్డిది మరి!

ఆ రోజు ఆవిడ మనసు మనసులో లేదు. సాయంత్రం నాన్నకు గుండె ఆపరేషన్. "పెద్దదాన్ని చూడందే నేను లోపలికి పోను" అని ఆయన మొండికేశాడు. ఆ పెద్దది, అంటే అక్క, ఆ దేశం నుంచే వస్తోంది.

అక్క తెర మీద పచ్చగా కనబడింది. ఇంకేముంది, రోజూ అందరినీ ఆమడ దూరంలో నిలబెట్టే మనిషి పరుగెత్తుకెళ్లి, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, అక్కను వాటేసుకుని ముద్దు పెట్టుకుంది. అడగాల్సిన ప్రశ్న అడగనే లేదు.

అక్కే చెవిలో చెప్పింది. "దిగే ముందు జ్వరం మాత్ర మింగానే. ఒకటే దగ్గు. నాన్నను చూశాక పరీక్ష చేయించుకుంటా. నువ్వు నోరు మెదపకు."

పంపితే, అక్క వెళ్లి నాన్న మంచం పక్కనే దగ్గుతుంది. ఆపితే ఆయన ఆపరేషన్ వద్దంటాడు. నర్సు అక్కడే గిరగిరా తిరిగింది.

"ఏమిటే ఆ తిరుగుడు? దారి వదులు."

"వదలను. కోపమొస్తే తిట్టుకో," అంటూనే డాక్టరును కేకేసింది.

ఆయన అక్కను విడిగదికి పంపి, ఇటు తిరిగాడు. "మాస్కు తీసి ముద్దు పెట్టుకుంది మీరే కదమ్మా? మీరూ పదండి."

అప్పటిదాకా ఆవిడకు ఆ ఆలోచనే తట్టలేదు. అమ్మ లేని ఇంట్లో నాన్నకు తోడుండాల్సింది తనే.

గదిలో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పింది, ఏడుస్తూనే.

"పెద్దది రాకపోతే పోనీలేవే," అన్నాడాయన. "దాన్ని తర్వాత చూస్తా. లోపలికీ పోతా. కానీ నువ్వు పక్కన లేకపోతే నాకు భయమే చిన్నదానా."